గోళ్ల ముచ్చట్లు: లాంప్ లేకుండా జెల్ పాలిష్ ఆరుతుందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ జెల్ నెయిల్ పాలిష్ మీదే ఉన్నాయి, పెళ్లిళ్ల సీజన్ కదా. మొదటి జవాబు కాస్త పొడుగైంది, అయినా దయచేసి పూర్తిగా చదవండి, సీసా మూత తీసేముందే చదవండి.

ప్రశ్న: అక్కా, వచ్చే నెల మా పిన్ని కూతురి పెళ్లి. పార్లర్‌లో జెల్ వేయించుకుందామంటే పది గోళ్లకి వెయ్యి దాకా అడుగుతున్నారు, అందుకని ఆన్‌లైన్‌లో ఆరు సీసాల జెల్ పాలిష్ సెట్ తెప్పించా. తీరా చూస్తే అది గట్టిపడ్డానికి యూవీ లాంప్ కావాలంట, సెట్‌లో అది లేదు. వీడియోల్లో ఒకరేమో ఐస్ నీళ్లలో వేళ్లు ముంచమంటారు, ఒకరు ఎండలో పెట్టమంటారు, ఇంకొకరు హెయిర్ స్ప్రే కొట్టమంటారు. వీటిల్లో ఏది పనిచేస్తుంది?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: చెల్లెమ్మా, ఏదీ పనిచేయదు. ఎండ ఒక్కటే కొంచెం పనిచేసినట్టు కనిపిస్తుంది, అందుకే అన్నిట్లోకీ దానికే ఎక్కువ భయపడాలి, ఎందుకో కింద చెప్తా.

ముందు మామూలు పాలిష్ ఎలా ఆరుతుందో చూడు. అందులో నైట్రోసెల్యులోజ్ అనే పదార్థాన్ని ఈథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించి ఉంచుతారు, మూత తియ్యగానే గుప్పుమనే వాసన వాటిదే. గోరుకి పెట్టాక ఆ ద్రావకం గాల్లోకి ఎగిరిపోయి రంగు పొర మిగులుతుంది, ఫ్యాన్ కింద కూర్చుంటే తొందరగా ఆరేది అందుకే. జెల్‌లో అలా ఎగిరిపోయేది దాదాపు ఏమీ ఉండదు. ఎక్రిలేట్లు, మెథాక్రిలేట్లు అనే చిన్న చిన్న అణువులు ఉంటాయి, అవన్నీ ఒకదానికొకటి గొలుసులా అల్లుకుంటేనే గట్టిపడతాయి. ఆ అల్లిక మొదలుపెట్టడానికి ఫోటోఇనిషియేటర్ అనే ఇంకో రసాయనాన్ని సీసాలోనే కలిపి ఉంచుతారు, దాని మీద 365 నుంచి 405 నానోమీటర్ల దగ్గరి వెలుతురు, అంటే యూవీ, దాన్ని ఆనుకుని ఉండే ఊదా వెలుగు, సరిపడా పడితేనే అది పనిలోకి దిగుతుంది. అది పడకపోతే రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టినా పొద్దున్నకి తడిగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ చిట్కాలు చూద్దాం. ఐస్ నీళ్లలో ముంచితే జెల్ చల్లబడి చిక్కబడుతుంది, చూడ్డానికి గట్టిపడినట్టే ఉంటుంది, వేళ్లు వెచ్చబడగానే మళ్లీ జిగురుజిగురుగా అయిపోతుంది. హెయిర్ స్ప్రే కొడితే పైన ఇంకో పొర పడుతుంది అంతే, కింద జెల్ తడి తడే. హెయిర్ డ్రయర్ వేడి గాలి ఇస్తుంది, వెలుతురు ఇవ్వదు. వంటనూనె స్ప్రే కొట్టమనేవాళ్లూ ఉన్నారు, దాని గురించైతే చెప్పక్కర్లేదు.

ఎండ సంగతికొస్తే, ఎండలో యూవీ ఉన్న మాట నిజమే, కాబట్టి మిట్టమధ్యాహ్నం చాలాసేపు పెడితే పైపొర గట్టిపడొచ్చు. కానీ లాంప్ కింద పడ్డంత గట్టిగా, అన్నివైపులా సమానంగా పడదు, మబ్బొస్తే ఒకలా ఉంటుంది, నాలుగింటికి ఇంకోలా ఉంటుంది, బొటనవేలు పక్కకి తిరిగి ఉంటుంది, పైగా తెలుపు, నలుపు, చిక్కటి మెరూన్ లాంటి రంగులు వెలుతురుని కిందికి పోనివ్వవు. దాంతో పైన మెరుస్తూ ఉంటుంది, గోరుని అంటుకున్న పొర మాత్రం పచ్చిగానే ఉండిపోతుంది. నీకు తెలీదు, చూసేవాళ్లకీ తెలీదు.

ఆ పచ్చిగా మిగిలిన జెల్ గురించే నా బాధంతా. జెల్స్‌లో ఎక్కువగా వాడే హెమా అనే మెథాక్రిలేట్ పచ్చిగా ఉండగా చర్మానికి పదే పదే తగిలితే ఎలర్జీ తెప్పించగలదు. గోరు చుట్టూ దురద, ఎర్రదనం, చిన్న చిన్న నీటి పొక్కులు, వేళ్ల కొసలు పగలడం, గోరు అడుగునుంచి లేచిపోవడం, ఇవన్నీ రావొచ్చు. ఒక్కోసారి వేళ్లకి కాకుండా కనురెప్పల మీదో మెడ మీదో వస్తుంది, చెయ్యి ముఖానికి తగులుతూనే ఉంటుంది కదా, అప్పుడు పాపం కాజల్‌నో క్రీమ్‌నో అనుమానిస్తూ నెలలు గడిపేస్తారు. బ్రిటన్‌లో చర్మవ్యాధుల డాక్టర్ల సంఘం 2018లోనే దీని గురించి జనాన్ని హెచ్చరించింది, ముఖ్యంగా ఇంట్లో వేసుకునే కిట్ల గురించి.

అందరికీ వస్తుందని కాదు. కానీ ఒకసారి వచ్చిందంటే మామూలుగా జీవితాంతం ఉండిపోతుంది, గోళ్లతోనూ ఆగదు. ఇదే కుటుంబానికి చెందిన రసాయనాల్ని పళ్ల ఫిల్లింగుల్లో వాడతారు, మోకాలి మార్పిడి ఆపరేషన్లో వాడే బోన్ సిమెంట్‌లో వాడతారు, షుగర్ చూసుకోడానికి చేతికి అంటించే కొన్ని సెన్సర్ల జిగురులోనూ ఉంటాయి. ఇరవై ఏళ్ల పిల్ల ఒక పెళ్లి కోసం ఈ బరువు నెత్తికెత్తుకోవడం నాకస్సలు ఇష్టం లేదు. ఆ సెట్ వాపసు తీసుకుంటారేమో చూడు, లేదంటే ఆ జెల్ కంపెనీ చెప్పిన లాంప్ దొరికేదాకా పక్కన పెట్టెయ్.

మరి పెళ్లికేం చెయ్యాలంటావా, దానికి మంచి దారే ఉంది. లాంప్ అక్కర్లేని పాలిష్‌లు జెల్ పేరుతోనే అమ్ముతారు, సాలీ హాన్సెన్ మిరకిల్ జెల్, ఎస్సీ జెల్ కుటూర్ లాంటివి. రంగు ఒక సీసా, దానికి తగ్గ టాప్ కోట్ ఒక సీసా, రెండూ ఒకే కంపెనీవి తీసుకో. పార్లర్ జెల్ లాగా రెండు మూడు వారాలు ఉండవు కానీ జాగ్రత్తగా వేస్తే పెళ్లి రోజులన్నీ దాటిస్తాయి. సీసా మీద యూవీ లాంప్ అవసరం లేదు అని ఉందో లేదో చూసి మరీ కొను, ఉత్త జెల్ అన్న మాట చూసి కొనకు, నువ్వు ఇప్పుడు ఇరుక్కుంది కూడా అక్కడే.

వేసేటప్పుడు చాలామంది ముందు వేడి నీళ్లలో చేతులు నానబెడతారు, అది వద్దు. గోరు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, పాలిష్ వేశాక ఆరి మళ్లీ సర్దుకుంటుంది, అప్పుడు పైన ఉన్న రంగు పట్టు వదిలి చివర్ల నుంచి ఊడిపోతుంది. పొడి గోళ్లకే ఒకవైపుకి ఫైల్ చేసుకుని, రిమూవర్‌లో ముంచిన దూదితో తుడిచెయ్, కొబ్బరినూనె జిడ్డు కొంచెం ఉన్నా రంగు నిలవదు. తర్వాత సీసా మీద చెప్పిన వరసలో వెయ్, కొన్నిటికి బేస్ కోట్ అక్కర్లేదు, మామూలు పాలిష్ అయితే మాత్రం తప్పకుండా వెయ్యి, లేకపోతే ముదురు రంగులు గోరుకి పట్టేసి పసుపచ్చగా చేస్తాయి. రంగు ఒక్కసారే మందంగా కాకుండా రెండు పల్చటి కోట్లు వేసి మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగు, ప్రతి కోట్‌కీ బ్రష్‌ని గోరు కొన అంచు మీద కూడా ఒకసారి లాగు, అక్కడే కదా మొదట లేచేది. ముట్టుకుంటే అంటకపోయినా లోపల పూర్తిగా గట్టిపడ్డానికి గంటలు పడుతుంది, అందుకని అంట్లు తోమడం, స్నానం అన్నీ అయిపోయాక సాయంత్రం పూట వేసుకో, మరీ పడుకోబోయే ముందు వేస్తే దుప్పటి అచ్చు పడుతుంది. రెండు రోజులకోసారి టాప్ కోట్ ఒక్కటి మళ్లీ వేస్తే మెరుపు పోదు.

ఇంకోటి, పెళ్లి ఇల్లు కాబట్టి చెప్తున్నా. లేత గులాబీ, తెలుపు, న్యూడ్ రంగులు వేసుకుని నలుగు పెట్టే దగ్గర చేతులు పెడితే పసుపు పట్టేస్తుంది. పసుపు, నలుగు పనులన్నీ అయ్యాక వెయ్, లేదంటే ముదురు రంగే ఎంచుకో. గోరింటాకు ముందు, పాలిష్ తర్వాత, లేకపోతే గోళ్లు పండవు.

ప్రశ్న: నమస్తే అండీ. మేం డబ్లిన్‌లో ఉంటాం, ఇక్కడ సెలూన్ ఖర్చు భరించలేక లాంప్, జెల్ సీసాలు విడివిడిగా కొన్నాను. చెప్పినట్టే 60 సెకన్లు పెట్టినా పైన జిగురుగానే ఉంటోంది. లాంప్ పనిచేయట్లేదా? ఒక సీసా మీద ప్రొఫెషనల్స్ వాడకానికి మాత్రమే అని ఉంది, పర్లేదా?
— ఒక గృహిణి, ఐర్లండ్

జవాబు: చాలా జెల్స్‌కి పైన పల్చటి జిగురు మిగలడం మామూలేనండీ, గాల్లో ఆక్సిజన్ తగిలే పైపొర పూర్తిగా గట్టిపడదు. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచెయ్యాలి, వేలితో మాత్రం రుద్దకండి, ఆ జిగురులో ఉన్నది పచ్చి జెల్లే. తుడిచాక కింద గట్టిగా, గాజులా ఉంటే బాగా పట్టినట్టే. గీరితే ముడతలు పడుతున్నా, నొక్కితే మెత్తగా దిగుతున్నా అది పచ్చిగా ఉన్నట్టు. అప్పుడు కోట్ ఇంకా పల్చగా వెయ్యాలి, బొటనవేళ్లు విడిగా పెట్టాలి. విడివిడిగా కొనడంలోనే చిక్కుంది, ఒక్కో జెల్‌ని ఒక్కో లాంప్‌కి సరిపోయేలా తయారు చేస్తారు, ఎన్ని వాట్లు అన్నదాన్ని బట్టి చెప్పలేం. ఆ జెల్ కంపెనీ ఏ లాంప్ వాడమందో అదే కొనండి.

ఇక ఆ సీసా, అది మీరు వాడకండి. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తుల్ని ప్రొఫెషనల్స్ మాత్రమే వాడాలని రూల్ ఉంది, ఎలర్జీ రావొచ్చనే హెచ్చరిక కూడా ముద్రించాలి. హెమా లేదు అని రాసి ఉన్నవాటిలో వేరే ఎక్రిలేట్లు ఉంటాయి, కాబట్టి వాటినీ చర్మానికి, క్యూటికల్‌కి, అంటే గోరు మొదట్లో ఉండే పల్చటి చర్మానికి, తగలనివ్వకండి, తగిలితే లాంప్ కింద పెట్టకముందే తుడిచెయ్యండి. అలాగే పాత సీసాలుంటే వెనక ట్రైమిథైల్‌బెంజాయిల్ డైఫినైల్‌ఫాస్ఫిన్ ఆక్సైడ్ అనే పేరుందేమో చూడండి, టీపీఓ అంటారు, ఇదీ ఒక ఫోటోఇనిషియేటరే, జంతువుల మీద చేసిన పరీక్షల్లో సంతానశక్తికి హాని కనిపించిందని 2025 సెప్టెంబర్ 1 నుంచి యూరప్‌లో దాన్ని కాస్మెటిక్స్‌లో నిషేధించారు. లాంప్ కిరణాల గురించి కూడా జాగ్రత్త మంచిదే, 2023లో అమెరికాలో ఒక పరిశోధన ఆ కిరణాలు ల్యాబ్‌లో పెంచిన కణాల డీఎన్ఏని దెబ్బతీస్తాయని చూపించింది. అది మనుషుల మీద చేసింది కాదు, అయినా వేళ్ల కొసలు కత్తిరించిన గ్లౌజులు తొడుక్కోవడానికి ఏం కష్టం చెప్పండి.

ప్రశ్న: అక్కా, హాస్టల్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి జెల్ వేయించుకున్న. లేస్తుంటే గోకి గోకి పీకేసిన. ఇప్పుడు గోళ్లు కాగితం లెక్క పల్చగ అయినయ్, తెల్ల మచ్చలు కూడా వచ్చినయ్. మళ్ల మంచిగ ఎప్పుడైతయ్?
— డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: జెల్‌తో పాటు గోరు పైపొరలు కూడా లేచొచ్చాయి తల్లీ. ఊడిన పొర మళ్లీ అతుక్కోదు, కొత్త గోరు పెరగాల్సిందే. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం మారడానికి ఆరు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా పొట్టిగా కత్తిరించుకో, రాత్రిపూట కొబ్బరినూనె రాయి, బట్టలు ఉతికేటప్పుడు గ్లౌజులు వేసుకో, జెల్ జోలికి పోకు. ఇంకెప్పుడైనా తియ్యాల్సొస్తే పైన మెరుపు పొరని ఫైల్‌తో కొంచెం గరుకు చేసి, ఎసిటోన్‌లో తడిపిన దూది గోరు మీద పెట్టి ఫాయిల్ చుట్టి పది పదిహేను నిమిషాలు ఆగితే దానంతటదే లేస్తుంది, రాకపోతే ఇంకాసేపు పెట్టాలి తప్ప పీకొద్దు. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, గదిలో స్టవ్ గానీ దీపం గానీ అగరబత్తి గానీ వెలుగుతుంటే సీసా మూత తియ్యనే వద్దు. గోరు ఆకుపచ్చగానో నల్లగానో మారినా, చీము, నొప్పి ఉన్నా స్కిన్ డాక్టర్‌కి చూపించు.

ప్రశ్న: అమ్మకి వచ్చే వారం ఆపరేషన్. చేతులకి జెల్ పాలిష్ ఉంది, రెండు వారాలు కూడా కాలేదు. తీయించాలా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తీయించండి. ఆపరేషన్లో వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ గోరు గుండా వెలుతురు పంపి ఆక్సిజన్ చూస్తుంది, ముదురు రంగులు దానికి అడ్డం పడొచ్చు, గోళ్ల రంగు మారుతోందా అని కూడా డాక్టర్లు చూస్తారు. మామూలు పాలిష్ అయితే హాస్పిటల్లో దూదితో తుడిచేస్తారు గానీ జెల్ అలా రాదు, అప్పటికప్పుడు హడావుడి పడకుండా ఒకట్రెండు రోజుల ముందే పార్లర్‌లో తీయించేయండి, కాలి గోళ్లవి కూడా.