గ్రీన్ మీద అడుగు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: గోల్ఫ్ కొత్తగా ఆడుతున్నాను. గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి నేల) ఎక్కగానే తోటివాళ్లు "లైన్ చూసుకోండి" అంటున్నారు. కనబడని లైన్‌ను ఎలా చూసుకోవాలి? (హైదరాబాద్)

జవాబు: లైన్ అంటే కప్పు (బంతి పడాల్సిన రంధ్రం) దాకా బంతి దొర్లే దారి, దాన్ని తొక్కకూడదు. బంతి నుంచి కప్పు దాకా తిన్నగా గీత ఊహించుకుంటే చాలదు. గ్రీన్‌కు వాలు ఉంటుంది కాబట్టి పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) వంపు తిరిగి పోతుంది. ఆ గీతకు ఎగువ వైపున ఒకటి రెండు అడుగుల నేల కూడా తొక్కకుండా వదిలేయండి. కప్పు దాటాక మరో మూడడుగులూ అంతే. తప్పి దాటిపోయిన బంతిని తిరిగి కొట్టాల్సింది అక్కడి నుంచే మరి. కప్పు దగ్గరకొచ్చేసరికి బంతిలో వేగం ఉండదు. బూటు నొక్కిన చిన్న గుంత కూడా దాన్ని పక్కకు తిప్పేస్తుంది. అవతలికి వెళ్లాల్సి వస్తే బంతి వెనక నుంచి చుట్టి వెళ్లండి. తప్పదనుకుంటే ఎక్కడా కాలు ఆనకుండా పెద్ద అంగ వేసి దాటండి.

నిలబడటానికి మంచి చోటు ఆడేవారి పక్కన, కాస్త దూరంగా, వారి చూపు పడని వైపు. బంతి వెనక లైన్‌లోగానీ, కప్పుకు అవతల ఎదురుగాగానీ నిలబడొద్దు. సాయంత్రం ఆటలో నీడ చాలా దూరం సాగుతుంది. మీరు కదలకపోయినా మీ టోపీ నీడ కప్పు మీద ఆడుతూ ఉండొచ్చు, ఓసారి చూసుకోండి. బ్యాగు, ట్రాలీ గ్రీన్ బయటే, తర్వాతి టీకి (తర్వాతి హోల్ ఆట మొదలుపెట్టే చోటుకు) వెళ్లే వైపు పెడితే మళ్లీ వెనక్కి నడవక్కర్లేదు.

ప్రశ్న: పట్ కొట్టకముందు బూటు గుర్తులు సరిచేయబోతే, తప్పు అని ఒక పెద్దాయన ఆపారు. నిజమేనా? పిచ్ మార్క్ (పైనుంచి పడ్డ బంతి చేసిన గుంత) ఎలా పూడ్చాలి? (విశాఖపట్నం)

జవాబు: 2018 దాకా ఆయన మాటే నిబంధన. 2019 జనవరి నుంచి బూటు గుర్తులు, పిచ్ మార్కులు, పాత కప్పు పూడ్చిన అతుకులు, జంతువుల కాలిగుర్తులు ఏవైనా ముందే సరిచేయొచ్చు. వాన వల్ల ఏర్పడిన గతుకులు, గడ్డికి గాలి ఆడటానికి మాలీలు పొడిచిన రంధ్రాలు, సహజంగా అరిగిన కప్పు అంచు మాత్రం ముట్టుకోకూడదు. సరిచేసే వంకతో ఆట సాగదీయడమూ కుదరదు.

పిచ్ మార్క్ విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు, ఫోర్క్‌ను (గుంతలు పూడ్చే చిన్న పళ్ల పనిముట్టును) గుంత కిందికి గుచ్చి మట్టిని పైకి లేపడం. చూడటానికి చదునుగానే ఉంటుంది, కానీ కింద వేర్లు తెగుతాయి. నాలుగు రోజులకు అక్కడ ఎండిన మచ్చ తేలుతుంది. అలా కాకుండా గుంత అంచుకు బయట, బాగున్న గడ్డిలో ఫోర్క్‌ను ఏటవాలుగా దింపి, పిడిని గుంత మధ్యకు నెట్టండి. గడ్డి లోపలికి జరుగుతుంది. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలాగే చేసి, పటర్ (పట్ కొట్టే కర్ర) అడుగుతో మెల్లగా తట్టండి. ఫోర్క్ లేకపోతే బంతిని నిలబెట్టే టీ పుల్ల చాలు. మీది ఒకటి పూడ్చాక పక్కన ఇంకెవరో వదిలేసింది కనిపిస్తే అదీ పూడ్చేయండి.

ప్రశ్న: కప్పులోని పిన్ (జెండా కర్ర) తీయాలా, ఉంచాలా? (విజయవాడ)

జవాబు: మీ ఇష్టం. గ్రీన్ మీంచి కొట్టిన పట్ పిన్‌కు తగిలితే పడే రెండు స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ కూడా 2019లోనే పోయింది. బంతి పిన్‌కు ఆనుకుని ఆగినా, దానిలో ఏ కొంచెమైనా గ్రీన్ మట్టానికి దిగువన కప్పులో ఉంటే పడినట్టే లెక్క.

జాగ్రత్త పడాల్సింది కప్పు అంచు గురించి. 108 మిల్లీమీటర్ల ఆ కప్పులో గొట్టాన్ని పైనుంచి కనీసం అంగుళం లోతున దింపుతారు. అంటే పై అంగుళమంతా వట్టి మట్టి, గడ్డి. పిన్‌ను విసురుగా పైకి లాగి బంతిని ఎగరేసేవాళ్లు, పటర్‌తో బంతిని తోడేవాళ్లు, పటర్ మీద బరువు మోపి వంగేవాళ్లు ఆ అంచును పాడుచేస్తారు. వెనక వచ్చే జట్లన్నీ ఆ విరిగిన కప్పులోనే ఆడాలి! పిన్‌ను నిటారుగా తీసి, పడేయకుండా, అందరి లైన్లకు దూరంగా పడుకోబెట్టండి. ముందుగా బంతి పడినవారు పిన్ చేతిలో ఉంచుకోవడం మర్యాద. చివరి పట్ పడగానే వాళ్లే తిరిగి పెట్టేస్తారు.

ప్రశ్న: నా మార్కర్ (బంతి ఎత్తినప్పుడు దాని చోట పెట్టే నాణెం) పక్కవారి లైన్‌లో పడింది. జరిపాను గానీ తిరిగి పెట్టడం మర్చిపోయాను. ఏమవుతుంది? మా బృందంలో రెండడుగుల పట్‌లను "గిమ్మీ" అని, కొట్టకుండానే పడినట్టు లెక్కేసి వదిలేస్తారు, అది సరేనా? (డల్లాస్)

జవాబు: స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే ఆటలో) అయితే తప్పు చోటు నుంచి ఆడినందుకు రెండు స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో (ఒక్కో హోల్‌కు గెలుపోటములు లెక్కించే ఆటలో) ఆ హోల్ ఓటమి. జరిపేటప్పుడు దూరంగా ఉన్న ఒక చెట్టునో స్తంభాన్నో గురి పెట్టుకుని, పటర్ తలతో ఒక పొడవు కొలిచి మార్కర్‌ను అటు పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు అదే గురితో వెనక్కి కొలవాలి. మర్చిపోకుండా ఉండటానికి చాలామంది నాణేన్ని బొమ్మ కిందికి తిప్పి పెడతారు. ఇక మార్క్ చేయకుండా బంతి ఎత్తితే ఒక స్ట్రోక్ పెనాల్టీ.

గిమ్మీ మ్యాచ్ ప్లేలో చెల్లుతుంది, అదీ ప్రత్యర్థి ఇస్తేనే. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. స్ట్రోక్ ప్లే పోటీలో మాత్రం అంగుళం దూరంలో ఉన్నా కప్పులో వేయాల్సిందే. వేయకుండా తర్వాతి టీ నుంచి కొట్టేస్తే పోటీ నుంచి తొలగిస్తారు.

ప్రశ్న: గాలికి బంతి కదిలితే? (కాకినాడ)

జవాబు: ఒకసారి మార్క్ చేసి ఎత్తి తిరిగి పెట్టిన బంతి అయితే పాత చోటుకే తేవాలి. అసలు ఎత్తని బంతి అయితే ఆగిన చోటు నుంచే ఆడాలి. రెండింటికీ పెనాల్టీ లేదు.