ఆ రెండో కంట్రోలర్ ఎవరి కోసం?

"మాది అనంతపురం వైపు. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. నేను యూనివర్సిటీ టీముకు ఫాస్ట్ బౌలింగ్ చేసినవాణ్ణి. మా అబ్బాయిని తొమ్మిదో ఏటే క్రికెట్ కోచింగ్‌లో చేర్చాను. నిరుడు మానేశాడు. ఇప్పుడు పదహారేళ్లు, పీయూసీ. గదిలో ప్లేస్టేషన్ మీద ఫుట్‌బాల్ ఆడుతూ ఇదీ స్పోర్టే అంటాడు. పట్టుబట్టి రెండు కంట్రోలర్లు కొనిపించాడు, ఇంటికి ఒక్క స్నేహితుడూ రాడు. ఐదు నెలలుగా మా మధ్య మాటల్లేవు, ఏదున్నా మా ఆవిడే చెబుతుంది. వీడియో గేమ్ ఆటెలా అవుతుంది? ఆ పెట్టె అమ్మేయనా?"

అమ్మకండి. ఆటా కాదా అన్న వాదనకు దిగితే మీరే ఓడిపోతారు. 2022 డిసెంబరులోనే కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే వీడియో గేమ్‌లను, క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ వీడియో గేమ్‌కీ పతకాలిచ్చారు. ఇవన్నీ మీవాడికి కంఠతా వచ్చే ఉంటాయి. చెమట పట్టనిది నాకూ ఆటలా అనిపించదు, అది వేరే సంగతి.

నేను ఆగిపోయింది 'ఐదు నెలలు' దగ్గర. మీరు దాన్ని క్రమశిక్షణ అనుకుంటున్నట్టున్నారు. నేను పంతం అంటాను. వాడిదీ పంతమే, కానీ వాడికి పదహారు, మీకెన్ని? మధ్యలో మీ ఆవిడకి పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం. ఆమె ఎలా ఉందో ఒక్క ముక్కా రాయలేదు.

వాడు క్రికెట్ ఎందుకు మానేశాడో కూడా రాయలేదు. అడగలేదు గనకే రాయలేదు. ఆరేళ్లు పొద్దున్నే లేచి కిట్ మోసింది వాడే అయినా, ఆడింది మీరేనేమో ఒకసారి ఆలోచించండి.

ఆ గేమ్‌ను పక్కనుండి ఎప్పుడైనా చూశారా? అదేపనిగా పరుగెత్తిస్తే ఆటగాడు అలసిపోతాడు, పేరు దగ్గర చిన్న గీత తరిగిపోతూ ఉంటుంది. వాణ్ణి ఎప్పుడు బయటికి పిలవాలి, ఎవర్ని దింపాలి, ముందున్నవాడు ఆఫ్‌సైడ్ అనే ఫుట్‌బాల్ తప్పులో పడకుండా పాస్ ఏ క్షణంలో వదలాలి, అన్నీ చూసుకోవాలి. మీరు భుజం పీకుతున్నా ఇంకో ఓవర్ వేస్తానంటే బంతి లాక్కుని మరొకడికిచ్చిన కెప్టెన్ ఉండే ఉంటాడు కదా? మీవాడు రోజూ చేసేది ఆ పనే. కాకపోతే వాడి కాళ్లు కదలడం లేదు.

అందుకే రాత్రి పదింటికి ఆపాలనీ, సాయంత్రం గంటసేపు బయటికి వెళ్లి ఆడాలనీ గట్టిగా చెప్పండి. తండ్రిగా ఆ హక్కు మీకుంది. కానీ మీ నోటితో, వాడి మొహం చూసి చెప్పండి. మీ ఊరి ఫుట్‌బాల్ జట్టు బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్ ఉన్న రోజు కంఠీరవ స్టేడియానికి రెండు టికెట్లు తీయండి. దారిలో క్రికెట్ ఊసెత్తకండి.

అంతకంటే ముందు, ఈ ఆదివారం ఆ రెండో కంట్రోలర్ పట్టుకుని వాడి పక్కన కూర్చోండి. ఏ బటన్ ఎందుకో వాడినే అడగండి. పది గోల్స్ తేడాతో ఓడిస్తాడు, ఓడిపోండి. ఆ పూట భోజనానికి మాత్రం వాణ్ణి మీరే పిలవండి.