చందాలతో ఆపరేషన్ అయింది, ఇక నష్టపరిహారం రాదా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా తమ్ముడు మిర్చి మార్కెట్‌లో హమాలీ. బైకు మీద బాసర వెళ్తుంటే లారీ గుద్ది తొడ ఎముక విరిగింది. బాసర పోలీసులు కేసు రాశారు. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాడ్ వేశారు. డబ్బుల్లేక ‘తమ్ముడి చికిత్సకు సాయం చేయండి’ అని ఆన్‌లైన్‌లో అడిగితే నా ఖాతాలో రూ.4,60,000 పడ్డాయి. రూ.2,90,000 ఖర్చయింది. పది వేలు ఇచ్చిన ఒకాయన, మిగిలాయి కదా, నావి నాకివ్వమంటున్నాడు. ‘చందాలు తీసుకున్నారు, ఇంక ఇన్సూరెన్స్ పైసలు రావు’ అని లారీ ఓనరు మనిషి అంటున్నాడు. పన్ను కూడా కట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: లారీ ఓనరు మనిషి మాట నమ్మకండమ్మా. అతను చెప్పింది చట్టం కాదు, బేరం. రేపో మాపో ఎంతో కొంత చేతిలో పెట్టి స్టాంపు పేపరు మీద రాజీ సంతకం అడుగుతాడు. పెట్టొద్దు.

జనం మీ తమ్ముడి కష్టం చూసి ఇచ్చారు. లారీ ఓనరు బరువు దించడానికి ఇవ్వలేదు. హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు 1998లోనే, చనిపోయినవారి జీవిత బీమా సొమ్మును పరిహారంలోంచి కోయకూడదని చెప్పింది. 2025 మార్చిలో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ మెడిక్లెయిం (ఆరోగ్య బీమా) సొమ్ము విషయంలోనూ అదే మాట తేల్చింది. మీ జిల్లా ఆ హైకోర్టు కిందిదే. ఈ రెండూ నేరుగా చందాల మీద వచ్చిన తీర్పులు కావు కాబట్టి అవతలి వకీలు గట్టిగానే వాదిస్తాడు, కానీ న్యాయం మీ వైపే ఉందని నా అభిప్రాయం. అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో చందాలు వచ్చాయా అని అడిగితే వచ్చాయనే చెప్పించండి. దాస్తే, మీరు పెట్టిన పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ముందు పెడతారు. అప్పుడు మీ తమ్ముడు చెప్పిన మిగతా నిజాలకూ విలువ పోతుంది.

నాకు అసలు భయం బిల్లుల గురించి. సాయం చేసినవాళ్లకో, ఏదైనా ట్రస్టుకో ఒరిజినల్ బిల్లులు ఇచ్చేశారా? ఇస్తే ఈ వారమే వెనక్కి తెచ్చుకోండి. దాతలకు జిరాక్సు చాలు. ట్రిబ్యునల్లో, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు కావాలి. మందుల షాపు చిట్టీల మీద రాత నెలల్లోనే వెలిసిపోతుంది, ఇప్పుడే కాపీలు తీసి దాచండి.

ప్రమాదం తెలంగాణలో జరిగినా కేసు అక్కడే వేయక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటి ట్రిబ్యునల్లో వేసుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఎఫ్‌ఐఆర్ తెలుగులో ఉంటుంది గనక మరాఠీలోకో ఇంగ్లీషులోకో అనువాదం జత చేయాలి.

వైకల్యం సర్టిఫికెట్ సంగతి కొంచెం శ్రద్ధగా చూడండి. డాక్టరు కాలికి ముప్పై శాతం అని రాస్తే ఇన్సూరెన్స్ వాళ్లు సంపాదనలో నష్టం అంతకంటే తక్కువే అంటారు. కానీ 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: కాగితం మీది శాతం కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలి. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాకు ఆ కాలు ఒక లెక్క, మిర్చి బస్తా వీపున మోసేవాడికి వేరే లెక్క. ఆపరేషన్ చేసిన డాక్టరుతో, బరువులు ఎత్తలేడని సాక్ష్యం చెప్పించండి. పరిహారం పెరిగేది అక్కడే.

మిగిలిన రూ.1,70,000 మీ సొంతం కాదు, అలాగని అడిగిన ప్రతివాడికీ పంచక్కర్లేదు. చికిత్స ఇంకా అయిపోలేదు కదా! ఫిజియోథెరపీ, చెకప్‌లు, మందులు ఉన్నాయి. వాటికి వాడి, ఖర్చు వివరం దాతలకు చూపండి. ఆ పది వేలాయన మనసు మారిందని దానం వెనక్కి తీసుకోలేడు. చికిత్స పూర్తయ్యాక కూడా మిగిలితే మాత్రం అది దాతలదే, ట్రస్టుల చట్టం 83వ సెక్షన్ సారం అదే. అందరికీ పంపడం కుదరకపోతే మరో రోగికి ఇస్తామని ముందే దాతలకు తెలియజేసి ఒప్పించుకోండి. ఆ డబ్బుతో బండి కొన్నారంటే మాత్రం అది నమ్మకద్రోహం నేరం, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్.

పన్ను: బంధువులు కానివారు ఇచ్చింది ఏడాదిలో రూ.50,000 దాటితే మొత్తమంతా ఆదాయం కిందే లెక్క. కోవిడ్ చికిత్సకు వచ్చిన సాయానికి మినహాయింపు ఇచ్చారు గానీ విరిగిన కాలికి ఇవ్వలేదు! అయినా కంగారు వద్దు. 2025 ఏప్రిల్ తర్వాత వచ్చిన డబ్బయితే, కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం రూ.12 లక్షల లోపు ఉంటే పన్ను పడదు. రూ.4 లక్షలు దాటింది గనక రిటర్ను మాత్రం వేయాలి. డబ్బు మీ ఖాతాలో పడింది కాబట్టి, ఆసుపత్రికి కట్టిన రసీదులు మీ దగ్గర ఉంచుకోండి.

ఈ మాట చదివే మిగతావాళ్ల కోసం: రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2025 మే నుంచి, అందులో చేరిన ఆసుపత్రుల్లో మొదటి 7 రోజుల్లో రూ.1,50,000 వరకు నగదు కట్టకుండా చికిత్స ఉంది. మీకు ఆ గడువు దాటిపోయింది. అయితే రాడ్ తీయాలని డాక్టరు చెబితే, మళ్లీ చందాలు అడిగే ముందు మీ కుటుంబానికి ఆయుష్మాన్ కార్డు ఉందో లేదో చూడండి. ఆయుష్మాన్ పథకంలో చేరిన ఆసుపత్రి అయితే నిజామాబాద్‌లోనైనా అది పనిచేస్తుంది.