అమెరికాలో ప్రైస్‌లైన్, హాట్‌వైర్‌లలో పేరు చూపించని హోటల్ డీల్స్ కొనొచ్చా? బిడ్డింగ్ ఇంకా ఉందా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. హోటల్ గదులు అమ్మే సైట్లలో ఒకటైన ప్రైస్‌లైన్‌లో బిడ్డింగ్ (మన ధర మనమే చెప్పడం) ఇంకా ఉందా, పేరు దాచి అమ్మే డీల్స్‌లో నిజంగా డబ్బు మిగులుతుందా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో న్యూయార్క్, నయాగరా, లాస్ వేగాస్ తిరిగేటప్పుడు వాటిని నమ్ముకోవచ్చా. బిడ్డింగ్ లేదు. డబ్బు మిగులుతుంది, కానీ వాళ్లు చూపించినంత కాదు. అమ్మానాన్నలతో కలిపి మీరు నలుగురూ ఒకే గదిలో సర్దుకుందామనుకుంటే మాత్రం వాటి జోలికి పోకండి.

ప్రైస్‌లైన్ 1998లో మొదలైందే బిడ్డింగ్ మీద. ఏరియా, స్టార్లు, మీరు ఇవ్వదలిచిన ధర, కార్డు నంబరు ఇవ్వాలి. ఏ హోటలైనా ఒప్పుకుంటే అక్కడికక్కడే డబ్బు కట్ అయ్యేది, అప్పుడే పేరు తెలిసేది. ఒప్పుకోకపోతే 24 గంటలు ఆగాలి, లేదంటే ఏరియానో స్టార్లనో మార్చాలి. ఆ స్థాయి హోటళ్లు అసలే లేని ఏరియాను జోడిస్తే ఏ రిస్కూ లేకుండా ఇంకో బిడ్ దక్కేది. అప్పటి చిట్కాలన్నీ దాని చుట్టూ తిరిగేవే. ఆ పద్ధతిని తీసేశారు కాబట్టి ఆ చిట్కాలు చదువుతూ కూర్చోకండి. ఇప్పుడు ధర వాళ్లే చెబుతారు, పేరు దాస్తారు. ప్రైస్‌లైన్‌లో దీన్ని ఎక్స్‌ప్రెస్ డీల్స్ అంటారు, హాట్‌వైర్‌లో హాట్ రేట్స్. ప్రైస్‌లైన్‌లోనే ప్రైస్‌బ్రేకర్స్ అని ఇంకోటి ఉంది. మూడు హోటళ్ల పేర్లు చూపించి అందులో ఒకటి ఇస్తారు. ఆ మూడింటిలో ఏది వచ్చినా ఫర్వాలేదనుకుంటేనే అది కొనండి. మూడింటిలో బాగున్నదే మనకొస్తుందని ఆశపడితే నిరాశే.

హోటళ్లు పేరెందుకు దాస్తాయో అర్థమైతే డీల్ ఎప్పుడు దొరుకుతుందో కూడా తెలిసిపోతుంది. రాత్రి గడిచిపోతే ఖాళీ గదికి విలువ లేదు. అలాగని అందరికీ కనబడేలా ధర తగ్గిస్తే, ముందే ఎక్కువకు బుక్ చేసుకున్నవాళ్లు క్యాన్సిల్ చేసి తక్కువకు మళ్లీ తీసుకుంటారు. కంపెనీలతో కాంట్రాక్టు రేట్లున్నచోట కూడా బేరాలు మొదలవుతాయి. అందుకే మిగిలిపోయేలా ఉన్న గదుల్ని పేరు చెప్పకుండా వదిలించుకుంటారు. అంటే హోటల్ ఖాళీగా ఉండే రోజుల్లోనే మీకు లాభం. ఆఫీసులుండే డౌన్‌టౌన్‌లో శని, ఆదివారాలు, లాస్ వేగాస్‌లో ఆదివారం నుంచి గురువారం దాకా, న్యూయార్క్‌లో జనవరి, ఫిబ్రవరి నెలలు అలాంటివి. వేగాస్‌లో జనవరిలో సీఈఎస్ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగే వారం, న్యూయార్క్‌లో సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశాలు, నవంబరు మొదటి ఆదివారం మారథాన్, ఇలాంటప్పుడు వెతకడం దండగ. అమెరికా తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభలకు వెళ్లేవాళ్లు కూడా కన్వెన్షన్ సెంటర్ పక్క హోటళ్లలో నిర్వాహకులు ముందే మాట్లాడిపెట్టిన గ్రూప్ రేటు తీసుకోవడమే మేలు. చివరి వారంలో డీల్ వస్తుందని ఆగితే ఊరి అవతల గదే దిక్కు.

ఇక కొనే పద్ధతి. ముందు క్యాన్సిల్ చేసుకునే వీలున్న గది ఒకటి బుక్ చేసి పెట్టుకోండి. ఇది లేకుండా పేరు దాచిన డీల్ కోసం ఎదురుచూడటం జూదమే. ప్రయాణానికి వారం, పది రోజుల ముందు నుంచి డీల్స్ చూడటం మొదలుపెట్టండి. మంచిది దొరికితే కొని, మొదటిది క్యాన్సిల్ చేయండి. క్యాన్సిల్ గడువు చాలా హోటళ్లలో చెక్-ఇన్‌కు 1 నుంచి 3 రోజుల ముందు ఉంటుంది, అదీ హోటల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం. కాలిఫోర్నియాలో కూర్చుని న్యూయార్క్ హోటల్ క్యాన్సిల్ చేసేవాళ్లు ఆ మూడు గంటల తేడా దగ్గరే దెబ్బతింటారు. గడువు తేదీ, టైమ్ ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి.

డీల్ కనబడగానే కొనేయకండి, ముందు అది ఏ హోటలో కనిపెట్టండి. చాలాసార్లు కనిపెట్టొచ్చు. డీల్ పక్కన "35 శాతం తక్కువ, రాత్రికి 117 డాలర్లు" అని ఉందనుకోండి. 117ను 0.65తో భాగిస్తే 180. శాతాన్ని గుండ్రం చేసి చూపిస్తారు కాబట్టి అసలు ధర 179, 181 మధ్య ఉంటుందనుకోవచ్చు. ఇప్పుడు అదే సైట్‌లో, అవే తేదీలకు, అదే ఏరియాలో, అదే స్టార్లున్న మామూలు హోటళ్ల జాబితా తెరిచి 180 దగ్గర ఏవున్నాయో చూడండి. సాధారణంగా రెండు, మూడు మిగులుతాయి. తర్వాత సదుపాయాల వరుస పోల్చండి. వైఫై, జిమ్ అందరికీ ఉంటాయి, వాటితో ఏమీ తేలదు. ఈత కొలను, ఉచిత బ్రేక్‌ఫాస్ట్, ఎయిర్‌పోర్ట్ షటిల్, పెంపుడు జంతువులకు అనుమతి, గదిలో వంటగది, వీటితో తేలుతుంది. మూడు స్టార్లు, వంటగది, ఉచిత బ్రేక్‌ఫాస్ట్ మూడూ కలిసి కనిపిస్తే అది రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ సూట్స్, స్టేబ్రిడ్జ్ సూట్స్, హయత్ హౌస్ లాంటి హోటల్ బ్రాండ్లలో ఒకటి అయ్యుంటుంది. ఆ ఏరియాలో అలాంటివి ఎన్ని ఉంటాయి, ఒకటో రెండో. అతిథుల రేటింగు కూడా సరిపోతే దాదాపు ఖాయం. సరిపోకపోతే ఆ ఏరియాలో ఆ స్టార్లున్న హోటళ్లలో అన్నిటికన్నా నాసిరకం దాన్ని ఊహించుకోండి. అదైనా ఫర్వాలేదనిపిస్తేనే ముందుకెళ్లండి.

స్టార్ల గురించి ఒక మాట. అమెరికాలో ప్రభుత్వం స్టార్లు ఇవ్వదు, ఏ సైట్ లెక్క దానిదే. ఒకచోట మూడున్నర ఉన్న హోటల్ ఇంకోచోట మూడు కావచ్చు. అందుకే పోల్చేటప్పుడు ఒకే సైట్‌లో పోల్చాలి. ఒక సైట్‌లో డీల్, ఇంకో సైట్‌లో మామూలు జాబితా పెట్టుకుని పోలిస్తే తప్పు హోటల్ తేలుతుంది.

ధర సంగతికొస్తే, చివరి పేజీలో కనిపించే మొత్తం తప్ప మిగతా అంకెలన్నీ మర్చిపోండి. ఉదాహరణకు క్యాన్సిల్ చేసుకోగల గది రాత్రికి 160, పన్ను 14 శాతం అనుకుందాం. 3 రాత్రులకు 547.20 డాలర్లు. పేరు దాచిన డీల్ రాత్రికి 128, అంటే 20 శాతం తక్కువ. 3 రాత్రులకు 384. దాని మీద "పన్నులు, ఫీజులు" అని ఒకే వరుసలో 72 పడిందనుకోండి. ఆ వరుసలో సైట్ ఫీజు కూడా కలిసి ఉంటుంది, అందుకే అది 14 శాతం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మొత్తం 456, మిగిలింది 91.20. మొదటి హోటల్‌లో బ్రేక్‌ఫాస్ట్ ఉచితం, డీల్ హోటల్‌లో లేదు అనుకుంటే, ఇద్దరికి రోజుకు 24 చొప్పున 3 రోజులకు 72 పోతుంది. చివరికి చేతిలో మిగిలేది 19 డాలర్లు. దానికోసం క్యాన్సిల్ చేసే వీలు, హోటల్ పాయింట్లు (తరచూ వచ్చేవాళ్లకు హోటల్ కంపెనీ ఇచ్చేవి) రెండూ వదులుకోవాలి. నా లెక్కలో చివరి మొత్తం మీద 20 శాతం పైన తేడా లేకపోతే ఈ డీల్స్ జోలికి పోనక్కర్లేదు.

న్యూయార్క్ నగరంలో హోటల్ పన్ను 14.75 శాతం, దానిపైన రాత్రికి గదికి 3.50 డాలర్లు. వేగాస్‌లో రిసార్ట్ ఫీజు, అంటే గది ధర మీద హోటల్ తప్పనిసరిగా వేసే అదనపు రుసుము, పెద్ద తలనొప్పి. తప్పనిసరి ఫీజులన్నీ కలిపి మొదటే మొత్తం ధర చూపాలని అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిబంధన 2025 మే 12 నుంచి అమల్లో ఉంది. అయినా ఆ ఫీజు ఇప్పుడే కట్ అవుతుందా, రిసెప్షన్‌లో మళ్లీ కట్టాలా అన్నది చివరి పేజీలో చదవండి. పార్కింగ్ ఆ మొత్తంలో ఉండదు. మాన్‌హాటన్‌కు కారులో వెళ్తే గది మీద మిగిలింది పార్కింగ్‌కే పోవచ్చు.

ఏరియా మ్యాప్ కూడా ఊరికే పెట్టరు. మీకిచ్చే హోటల్ మ్యాప్‌లో ఆ ఏరియా చుట్టూ గీసిన గీతల లోపల ఎక్కడైనా ఉండొచ్చు, కాబట్టి ఆ గీతల లోపల అన్నిటికన్నా దూరపు మూల నుంచి మీరు వెళ్లాల్సిన చోటుకు ఎంత టైమ్ పడుతుందో చూసుకోండి. నయాగరా దగ్గర ఇది మరీ ముఖ్యం. జలపాతానికి ఇటు న్యూయార్క్ రాష్ట్రం, అటు కెనడాలోని ఒంటారియో. రెండు వైపులా ఊరి పేరు నయాగరా ఫాల్సే. అమెరికా విజిటర్ వీసా మీద వచ్చిన మీ అమ్మానాన్నలు భారత పాస్‌పోర్ట్‌తో అవతలికి వెళ్లాలంటే కెనడా వీసా వేరే కావాలి. డీల్ అటువైపు పడితే డబ్బు పోయినట్టే, ఎవరూ తిరిగి ఇవ్వరు. రాష్ట్రం పేరు న్యూయార్క్ అని ఉందో ఒంటారియో అని ఉందో చూశాకే బటన్ నొక్కండి.

ఇప్పుడు అసలు చిక్కు, నలుగురు మనుషులు. పేరు దాచిన డీల్‌లో ఖాయంగా వచ్చేది ఇద్దరు పెద్దలు పట్టే గది. మంచాలు ఎలా ఉంటాయన్నది వాళ్ల ఇష్టం. రాత్రి పదింటికి వెళ్తే ఒకే పెద్ద మంచమున్న గది చేతిలో పెడతారు. దాని బదులు రెండు మంచాల గది అడిగితే నిండిపోయిందంటారు. అందులో వాళ్ల తప్పేం లేదు, ఆ రేటుకు అమ్మింది అదే. నలుగురికైతే రెండు దారులున్నాయి. రెండు క్వీన్ మంచాలని (ఒక్కోటి ఇద్దరు పట్టేవి) స్పష్టంగా రాసిన మామూలు గది తీసుకోవడం ఒకటి. డీల్‌లో ఒకే బుకింగ్‌లో రెండు గదులు తీసుకోవడం రెండోది. విడివిడిగా రెండుసార్లు కొంటే రెండు వేర్వేరు హోటళ్లు రావచ్చు. ఒకే బుకింగ్‌లో కొన్నా గదులు పక్కపక్కన వస్తాయన్న హామీ లేదు.

బుకింగ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే గుర్తింపు కార్డుతో రిసెప్షన్‌లో నిలబడాలి. డబ్బు ముందే కట్టేసినా, అదనపు ఖర్చుల కోసం కార్డు మీద కొంత మొత్తం పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డు అయితే ఇబ్బంది లేదు. డెబిట్ కార్డు అయితే ఖాతాలోంచే ఆగిపోయి, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. అమ్మానాన్నలు ఒక రాత్రి వాళ్లే ఉండేలా ప్లాన్ చేసి, వాళ్ల చేతిలో ఇండియా నుంచి తెచ్చిన ఫారెక్స్ కార్డు ఒక్కటే ఉందనుకోండి, అలాంటి కార్డును కొన్ని హోటళ్లు తీసుకోవు. మామూలు బుకింగ్‌లో ముందే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. పేరు తెలియని హోటల్‌కు ఏమని ఫోన్ చేస్తారు? వాళ్లు విడిగా ఉండే రాత్రులకు డీల్ కొనకండి.

కొన్నాక పేరు తెలియగానే హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి, సైట్ కస్టమర్ కేర్‌కు కాదు. నంబరు హోటల్ సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. గూగుల్‌లో పైన యాడ్స్‌గా వచ్చే నంబర్లలో కొన్ని మధ్యవర్తుల కాల్ సెంటర్లవి. అక్కడి టైమ్ ప్రకారం ఉదయం 10, 11 గంటలకు చేస్తే వినిపించుకునే ఓపిక ఉంటుంది. సాయంత్రం చెక్-ఇన్ రద్దీలో ఉండదు. బుకింగ్ వాళ్ల సిస్టమ్‌లో కనిపిస్తోందా, రెండు మంచాల గది, కింది అంతస్తు, లిఫ్ట్‌కు దగ్గర, ఇవి రాసిపెట్టగలరా అని అడగండి. రాసిపెడతారు, మాట మాత్రం ఇవ్వరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని చెబితే చాలామంది గుర్తుపెట్టుకుంటారు.

కొనే ముందు ఇంకొకటి చూడండి. పేరు కనిపించే గదే వేరే సైట్‌లో చవకగా ఉంటే, మారియట్, హిల్టన్ లాంటి హోటల్ కంపెనీలు ఆ ధరకు ఇచ్చి దానిమీద ఇంకో 25 శాతం తగ్గించే హామీ ఇస్తాయి. మారియట్‌లో దాని బదులు 5,000 పాయింట్లూ తీసుకోవచ్చు. వాళ్ల సొంత సైట్‌లో బుక్ చేసి 24 గంటల్లోపు క్లెయిమ్ పెట్టాలి. అదే రకం గది, అవే తేదీలు, అవే క్యాన్సిల్ షరతులు ఉండాలి. మంచం రకంలో తేడా ఉన్నా తిప్పి పంపుతారు. పేరు దాచిన రేటును దీనికి లెక్కలోకి తీసుకోరు. ఇది కుదిరితే పాయింట్లూ మీవే, గది రకమూ మీరు కోరుకున్నదే. మీ నలుగురికీ నేనైతే న్యూయార్క్, నయాగరాలకు ఈ దారే చెబుతాను. వేగాస్‌కు వారం మధ్యలో వెళ్తుంటే మాత్రం ఒకే బుకింగ్‌లో రెండు గదుల డీల్ చూడొచ్చు. అక్కడ చెక్-ఇన్ చేసే మనిషికి 21 ఏళ్లు నిండి ఉండాలని చాలా హోటళ్లు అడుగుతాయి. చదువుకుంటున్న తమ్ముడి పేరు మీద బుక్ చేయకండి.