లోపం అంటే ఏమిటి?

ప్రశ్న: మా వెబ్ సర్వర్‌కు వచ్చిన ఏపీఐ రిక్వెస్ట్ (వేరే ప్రోగ్రాం పంపే అభ్యర్థన) విఫలమైతే ‘దోషము సంభవించినది’ అని తెలుగులో జవాబు పంపుతున్నాం. ‘లోపం’ అనాలని ఒకరు, ‘తప్పు’ అనాలని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: ముందు ఆ ‘సంభవించినది’ తీసేయండి. ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో చెప్పడం ఇష్టం లేనివాళ్లు వాడే మాట అది. దోషాన్ని జాతకాలకూ వాత పిత్త కఫాలకూ వదిలేద్దాం. తప్పు అంటే అవతలివాడిని వేలెత్తి చూపినట్టుంటుంది.

ఇక లోపం. నాకు ఇష్టమైన మాట, కాస్త ఓపిక పట్టండి. ‘లుప్’ ధాతువుకు ఛేదించడమని అర్థం. పాణిని మాత్రం ‘అదర్శనం లోపః’ అన్నాడు, కనబడకపోవడమే లోపం. వ్యాఖ్యాతలు దాని ముందు ‘ప్రసక్తస్య’ అని చేర్చారు. అంటే రావలసినది రాకపోతేనే లోపం. అసలు రావలసిన పనే లేనిది రాకపోతే ఎవరికేం లోటు? మీ చిక్కు సగం ఇక్కడే తీరుతుంది. తప్పనిసరిగా ఉండాల్సిన ఈమెయిల్ లేకుండా రిక్వెస్ట్ వచ్చి మీరు 400 (రిక్వెస్టే సరిగా లేదని చెప్పే స్టేటస్ నంబరు) పంపారనుకోండి, అది అచ్చమైన లోపం. ఒకప్పుడు ఉండి, శాశ్వతంగా తీసేసినదానికి ఇచ్చే 410 కూడా అంతే. ఎన్నడూ లేని చిరునామా అడిగినవాడికి 404 ఇస్తే అందులో లోపమేముంది? ‘దొరకలేదు’ అంటే చాలు. ‘కనబడుటలేదు’ అని రాస్తున్నారు కొందరు. తప్పిపోయిన మనిషి కోసం వేసిన ప్రకటనలా ఉంటుంది!

ఇంకో విశేషం. వ్యాకరణంలో ప్రత్యయం లోపించినా దాని పని ఆగదు: ‘ప్రత్యయలోపే ప్రత్యయలక్షణమ్’. టోకెన్ (అడిగేది ఎవరో చెప్పే గుర్తు) లోపించిన రిక్వెస్ట్‌కు ఆ అదృష్టం లేదు, నేరుగా 401 వస్తుంది. అక్కడ ‘ముందు లాగిన్ అవ్వండి’ అనండి. ‘మీకు అనుమతి లేదు’ అనేది 403కు దాచుకోండి, రెంటినీ కలిపేయకండి.

500 వస్తే, అంటే మీ సర్వర్‌లోనే ఏదో చెడితే, అది మీ ఇంటి సంగతి. ‘మా వైపు పొరపాటు జరిగింది’ అని ఒప్పుకుంటే పరువేమీ పోదు.

అన్ని ఎర్రర్లకూ కలిపి ఒకే పేరు కావాలంటే లోపం వాడుకలో పడింది కాబట్టి కాదనను. మనసొప్పి అవుననీ అనలేను. ‘ఎర్రర్’ అన్నా నాకు పేచీ లేదు.

ఎర్రర్ జవాబు ఏ రూపంలో ఉండాలో 2023లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9457 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెబుతుంది. అందులో ‘టైప్’ ప్రోగ్రాం చదువుకునే గుర్తు, దాన్ని తెలుగు చేయకండి. ‘టైటిల్’, ‘డీటెయిల్’ మనుషుల కోసం. ఒక రకం సమస్యకు టైటిల్ ఎప్పుడూ ఒకటే ఉండాలి. ఈసారి ఏం జరిగిందో, ఎలా సరిచేసుకోవాలో డీటెయిల్‌లో రాయాలి. ‘చెల్లని ఇన్‌పుట్’ అని ఊరుకోకుండా ‘ముగింపు తేదీ ప్రారంభ తేదీకంటే ముందుంది’ అనండి. స్టాక్ ట్రేస్ (ప్రోగ్రాం ఎక్కడ చెడిందో చూపే జాబితా) మీ సర్వర్ రాసుకునే లాగ్‌లో ఉండాలి, వాడేవాళ్ల ముందు కాదు.

కొందరు ఘనులు అంతా సవ్యమని చెప్పే స్టేటస్ 200 ఇచ్చి, లోపల ‘విఫలం’ అని రాస్తారు. దానికి తెలుగులో ఏ మాట వాడాలో మాత్రం నన్నడగకండి.