సైకిలెక్కుతానంటున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకి మేనత్త దీవించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి ఒకటే గోల. "స్కూటీ కొనిస్తానంటే వద్దంటోంది. పాలకొల్లు ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తుందట. నువ్వైనా గడ్డి పెట్టక్కా" అని. సరే పెడతాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వొచ్చింది. మన పిల్లే అనిపించింది. ఆ తర్వాత ఇక నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

వెళ్ళు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. ఏఎన్‌ఎమ్‌గా, అదే పల్లెలు తిరిగే నర్సమ్మగా, ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఊళ్ళు తిరిగింది సైకిల్ మీదే కదా. మన డెల్టాలో ఎత్తంటే కాలువ వంతెనే, అది దిగితే మళ్ళీ చాప పరిచినట్టు నేల. ఎనిమిది కిలోమీటర్లు ఎంత తాపీగా తొక్కినా ముప్పావుగంట పట్టదు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నీకది మూడు రోజుల్లో తీరిపోతుంది. డబ్బు లెక్క కూడా చూసుకో. రోజుకి 16 కిలోమీటర్ల చొప్పున నెలకి నాలుగొందల కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇచ్చినా తొమ్మిది లీటర్లు, అంటే దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు. ఆ వెయ్యీ పోస్టాఫీసులో వేసుకో, మీ నాన్నకి చెప్పక్కర్లేదు.

2017లో బ్రిటన్‌వాళ్ళు రెండున్నర లక్షల మందికి పైగా జనాన్ని చూసి, సైకిల్ మీద పనికెళ్ళేవాళ్ళలో గుండెజబ్బులూ కేన్సరూ తక్కువగా ఉన్నాయన్నారని మా అబ్బాయి చదివి వినిపించాడు. అది సైకిల్ వల్లేనని ఖాయంగా చెప్పలేరట. ఒంట్లో ఓపికున్నవాళ్ళే సైకిలెక్కుతారేమో మరి! నేను చూసిన లాభం ఇంకోటి ఉంది. సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకి మనుషులు కనపడతారు. ఓసారి వంతెన దిగుతుంటే రేవులో ఒకమ్మాయి గిన్నెలు తోముతోంది, నెలలు నిండుతున్న మనిషి. పాదాలు వాచి పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. దిగి బీపీ చూస్తే గుండె ఝల్లుమంది. ఆ పూటే ఆసుపత్రికి పంపించాం, తల్లీబిడ్డా దక్కారు. మోటారుబండి మీదైతే ఆ పట్టీలు నా కంట పడేవా?

మామూలు విషయాలు నీకు తెలిసినవే. వారానికోసారి గాలి చూసుకో, చైనుకి నూనె వెయ్యి. మడమ పెడల్ మీద పెడితే కాలు చాపుగా అందేంత ఎత్తులో సీటు పెట్టించుకో, లేకపోతే మోకాళ్ళు పట్టేస్తాయి. వానలో బ్రేకు వెంటనే పట్టదు, ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. ఒక చేత్తో గొడుగు పట్టుకుని తొక్కావంటే ఊరుకోను. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది, ఇంటికొచ్చేటప్పుడు అదే నిన్ను తోస్తుంది.

ఇక నాకు నిద్ర పట్టని సంగతి. మీ నాన్న ఇది నీకు చెప్పి ఉండడు.

పెళ్ళికి ముందు వాడు పాలకొల్లులో ఒక రైసుమిల్లులో గుమాస్తా. రోజూ సైకిలే. చైను కవరు గడగడమంటోందని ఊడబీకేశాడు. లైటు వెలిగించే డైనమో టైరుకి ఆనితే తొక్కడం బరువని దాన్ని పక్కకి తోసేసి తిరిగేవాడు. ఈ దారి కళ్ళు మూసుకుని వస్తాననేవాడు. సార్వా, అదే వానాకాలం వరి, కోతలప్పుడు ఒకరోజు మిల్లులో పొద్దుపోయింది. మన రోడ్లన్నీ కాలువగట్లే కదా, ఆ గట్టు మీదే సగం రోడ్డు దాకా ధాన్యం ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి బరకం కప్పి, అంచున రాళ్ళు పెట్టారు. వెన్నెల ఉందిలే అని జోరుగా వస్తున్నాడట. రాయి మీదకి ముందు చక్రం ఎక్కింది. అంతే, సైకిలూ వాడూ కాలువలో.

వాడికి ఈత రాక కాదు. అప్పట్లో బ్యాగీ ప్యాంట్ల ఫ్యాషను. ఆ ప్యాంటు అంచు చైనులో పడి నలిగిపోయింది. కాలికి సైకిల్ కట్టుకుని ఈదడం ఎవరి తరం? తూటికాడలు చేతికి అందాయి కాబట్టి బతికాడు. ధాన్యం కాపలా పడుకున్నాయన కేకలు విని దిగి, కొడవలితో ప్యాంటు కోసి పైకి లాగాడు. ఒక కాలికి ప్యాంటు, ఒక కాలికి పీలికలతో ఇంటికొస్తే మా అమ్మ ముందు వీపు మీద నాలుగు అంటించింది. తర్వాత పమిటతో తల తుడుస్తూ ఏడ్చింది. అది మొదలు రాత్రిపూట వీధిలో ఎవరి సైకిల్ చప్పుడైనా అమ్మ లేచి కూర్చునేది, వాడు పక్కగదిలో నిద్రపోతున్నా సరే.

రాళ్ళు పెట్టినవాడిదే తప్పని మీ నాన్న ఇప్పటికీ వాదిస్తాడు. కాదనను. కానీ ఆ రాళ్ళు ఇప్పుడూ పెడుతున్నారు, సార్వాకీ, వేసవి పంట దాళ్వాకీ. అందుకే లైటు లేకుండా బయల్దేరకు, ముందు తెల్లది, వెనక ఎర్రది. ఇప్పుడు ఛార్జింగువి వచ్చాయి, తొక్కడం బరువన్న సాకు కూడా లేదు. చున్నీ భుజాల మీద వదలకు, వెనక్కి తీసి నడుముకి ముడెయ్యి. కాలువ నీకు ఎడమ చేతివైపు ఉన్నచోట ఎదురుగా ఒక బండి, వెనక ఒక బండి వస్తుంటే సైకిల్ దిగి నిలబడు. రొయ్యల లారీవాడికి నీ కంటే తొందరెక్కువ. దిగితే పరువేం పోదు. ఆఫీసులో ఆలస్యమై చీకటి పడితే బస్సెక్కి వచ్చెయ్యి, సైకిల్ అక్కడే ఉంటుంది.

లైట్లకి డబ్బు నేను పంపిస్తాను, నాన్నని అడగకు. మొదటి వారం ఆఫీసుకి చేరగానే నాకో మిస్డ్ కాల్ ఇవ్వు. సైకిల్ మాత్రం నిండా చైను కవరు, వెనక చక్రానికి జాలీ ఉన్న లేడీస్ సైకిలే కొను. గేర్లున్నాయి, స్టైలుగా ఉందని కవరు లేనిది తెచ్చావో, నేనే బస్సెక్కి వచ్చి షాపువాడికి తిరిగిచ్చేస్తాను.

ఇట్లు,
మీ అత్త