నీతిశాస్త్రం, మూడు క్రెడిట్లు: కర్నూలు సోదరునికి జవాబు

కర్నూలులో ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఈ ఆగస్టులో అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరిన ఒక సోదరుడు రాశారు. తప్పనిసరిగా చదవవలసిన కోర్సుల్లో నీతి తత్త్వశాస్త్ర పరిచయం ఒకటి ఉన్నదట. దాని విలువ మూడు క్రెడిట్లు; డిగ్రీకి కావలసిన చదువును ఇక్కడ క్రెడిట్లలో కొలుస్తారు. చిన్నప్పటి నుండి వేమన పద్యాలు వింటూ పెరిగాను కనుక సులువుగానే ఉంటుందనుకున్నాననీ, తీరా తరగతిలో అందరూ వాదించుకుంటుంటే నోరు పెగలడం లేదనీ, కోర్సు మార్చుకోవచ్చునా అనీ అడిగారు.

సోదరా, సులువుగా ఉంటుందని నేనూ అనుకున్నాను. 2001లో ఆ అనుకోవడానికి నాకు 1,200 డాలర్లు ఖర్చయింది. అప్పుడు డాలరు 47 రూపాయల పైచిలుకు; లెక్క మీరే వేసుకోండి.

మాది కదిరి దగ్గర పల్లె. వేమన సమాధి ఉన్న కటారుపల్లి తిరునాళ్ళకు ఎద్దుల బండి మీద వెళ్ళినవాణ్ణి. నీతి గురించి ఈ దేశం వాళ్ళు నాకేమి చెబుతారన్న ధీమాతో మొదటి వ్యాసం ఒక్క రాత్రిలో రాసి పడేశాను. జర్మన్ తత్త్వవేత్త కాంట్ చెప్పిన కర్తవ్యమూ గీతలోని నిష్కామ కర్మా ఒకటేనని మొదటి వాక్యంలోనే తేల్చేసి, మధ్యలో ఒక వేమన పద్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి పెట్టి, చివర ‘కనుక మనిషి ఎల్లప్పుడూ ధర్మమార్గంలో నడవాలి’ అని ముగించాను. మన హైస్కూలు వ్యాసరచన పోటీలో అయితే బహుమతి ఖాయం. తిరిగి వచ్చిన కాగితాల అంచున ఏడు చోట్ల ఆకుపచ్చ సిరాతో ఒకే మాట ఉంది: ‘ఎందుకు?’ చివరి వాక్యం పక్కన మాత్రం ‘కాదని ఎవరన్నారు?’ అని ఉంది. కింద గ్రేడు డి.

ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయాలన్నంత వరకు కాంట్ కర్తవ్యమూ గీతలోని నిష్కామ కర్మా దగ్గరగానే కనిపిస్తాయి. అయితే అర్జునునికి గుర్తుచేసిన కర్తవ్యం క్షత్రియునిగా అతనికి చెందిన స్వధర్మం. 1785 నాటి గ్రంథంలో కాంట్ పెట్టే పరీక్ష వేరు: నీవు ఏ నియమాన్ని పట్టుకొని ఈ పని చేస్తున్నావో, ఆ నియమం అందరికీ చట్టం కావాలని కోరుకోగలవా? మనిషిని బట్టి, స్థానాన్ని బట్టి మారే ధర్మం ఆ పరీక్షలో నిలుస్తుందా లేదా అన్నది వాదించి చూపవలసిన విషయం. నేను వాదించలేదు, ప్రకటించాను. మన దగ్గర నీతి అంటే అప్పజెప్పవలసిన పాఠం. ఇక్కడ మీరు మంచివారా కాదా అన్నది ఎవరికీ పట్టదు, మార్కులన్నీ కారణాలకే.

డి చూసి బెదిరిపోయి ఆరో వారంలో కోర్సు డ్రాప్ చేశాను, అంటే మధ్యలోనే వదిలేశాను. మొదటి వారంలో చేసి ఉంటే ఫీజు మొత్తం వెనక్కి వచ్చేది. ఆ తర్వాత తగ్గుతూ పోయి ఆరో వారానికి సున్నా అయింది. ఆ తేదీలు ఉండేది సిలబస్‌లో కాదు, ఫీజుల కార్యాలయం వారి క్యాలెండర్లో. నేను సిలబస్ మాత్రమే చదివాను. తప్పనిసరి కోర్సు కనుక జనవరిలో మళ్ళీ అంతే డబ్బు కట్టి మళ్ళీ అదే తరగతిలో కూర్చున్నాను. ఇంటి దగ్గర చెనిక్కాయల పంట చేతికి రాని ఏడాది అది. నాన్నకు ఈ సంగతి చెప్పలేదు. అబద్ధమాడలేదు, చెప్పలేదు, అంతే. ఆ రెండింటికీ తేడా ఉన్నదా అన్నది ఆ కోర్సులో తొమ్మిదో వారం పాఠమని తర్వాత తెలిసింది.

మీరు ఫోన్లో అన్నీ చూసే తరం వారు, అయినా ఆ క్యాలెండర్ చూసి ఉండరని నాకు తెలుసు. ఈ రాత్రే చూడండి. సెమిస్టరులో 12 క్రెడిట్ల కంటే తగ్గితే వీసాకు చిక్కు వస్తుంది. ఆ వివరాలు మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం వారే చెబుతారు. పుస్తకం మాత్రం కొనకండి. నేను 90 డాలర్లు పోసి కొన్న సంకలనం లైబ్రరీ కౌంటర్లో రెండేసి గంటలకు ఊరికే ఇస్తారని డిసెంబరులో తెలిసింది.

ఇక నోరు పెగలకపోవడం గురించి. రెండోసారి కూర్చున్నప్పుడు ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్ 1972లో ప్రచురించిన వ్యాసం పాఠంగా వచ్చింది. తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలి గురించి 1971 నవంబరులో రాసినది. లోతులేని కుంటలో ఒక పిల్లవాడు మునిగిపోతుంటే బట్టలకు బురద అంటుతుందని ఎవరైనా ఆగుతారా, ఆగకూడదంటే ఎక్కడో దూరాన చనిపోతున్నవారి కోసం ఆపాటి డబ్బు ఎందుకు ఇవ్వరు అన్నది వాదం. ప్రొఫెసర్ దానికి కొత్త బూట్లను జోడించారు. అందరూ దిగుతామన్నారు. నేను నా కాళ్ళవైపు చూసుకున్నాను: మంచులో నడవడానికి 35 డాలర్లకు కొన్నవి, నాకున్న ఒకే ఒక జత. పిల్లవాడి కోసం దిగుతాను గాని, డబ్బు పంపవలసి వస్తే పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన మా నాన్న అప్పు ముందు తీరుస్తాను అన్నాను. ఆయన వెనక్కి తిరిగి బోర్డు మీద ‘ఎవరి అప్పు ముందు?’ అని రాశారు. ఆ గంటంతా దానిమీదనే గడిచింది. కన్నవారికీ ముక్కూమొహం తెలియనివారికీ మనం పడే బాధ్యత సమానమేనా అన్నది ఆ శాస్త్రంలో ఇంకా తెగని తగవు. మీ ఇంటి జమాఖర్చులోనే అట్లాంటివి పది దొరుకుతాయి. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు.

చివరి వ్యాసం మన కరువు మీద రాశాను. అత్యధికుల సుఖమే కొలమానమన్న ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1823 నుండి 1858 వరకు ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో జీతం తీసుకున్న మనిషి. 1800లో నిజాం మన దత్తమండలాన్ని అప్పగించినది ఆ కంపెనీకే. మిల్ పోయిన నాలుగేళ్ళకు, 1877లో, కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని, కరువు పనుల మీద ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. పౌను అంటే 450 గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి. అది చాలదని మద్రాసులో పారిశుద్ధ్య కమిషనర్‌గా ఉన్న కార్నిష్ వాదించాడు. ఖజానాకు మిగిలిన డబ్బును లెక్కలోకి తెచ్చి, ఆకలిని లెక్కలోకి తేనందువల్ల టెంపుల్ ఆదాను మిల్ సూత్రమే సమర్థించదని రాశాను. ఆ డబ్బు మరుసటి ఏడు ఇంకా ఎక్కువమందిని బతికించి ఉంటే ఏమంటావు అన్న ఎదురు వాదనను నేనే ఎత్తుకొని, రెండు పేజీలు దానితోనే కుస్తీ పట్టాను. ఏ మైనస్ గ్రేడు వచ్చింది. కాగితాల అంచున ‘ఎందుకు?’ ఒక్కచోటే ఉంది.

కోర్సు మార్చుకోకండి. మొదటి వ్యాసం చిత్తుప్రతి తీసుకొని, గడువుకు వారం ముందే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులతో మాట్లాడడానికి ఆయన కేటాయించిన గంటలకు వెళ్ళి, ఎక్కడెక్కడ ‘ఎందుకు’ అని రాయబోతున్నారో అడగండి. దానికి వేరే రుసుము లేదు. మీ మూడు క్రెడిట్లలో అదీ కట్టేసే ఉన్నారు. మొదటిసారి కట్టినప్పుడు నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.